పై తోపు ఒప్పుకోలేదు

పై తోపులో ఒక్క చెట్టు కూడా ఒప్పుకోలేదు. పొద్దున్నుంచి మొండమ్మ ఒక్కొక్క మాను దగ్గరికీ వెళ్ళి, బెరడుకు అరచెయ్యి ఆనించి అడుగుతూనే ఉంది. ఎండ నడినెత్తికి వచ్చేసరికి ఆమె కుడిచెయ్యి మోచేతిదాకా మంచులో పెట్టినట్టు బిగుసుకుపోయింది. ఇక చాలనుకుని సుత్తి భుజాన వేసుకుని కొండ దిగింది.

ఆ అడవిలో చెట్లకు ఇష్టాయిష్టాలు ఉండేవి. నరకడానికి ఒప్పుకున్న చెట్టయితే అరచేతి కింద బెరడు గోరువెచ్చబడి, ఎవరో గట్టిగా పట్టుకున్న పట్టు సడలించినట్టు మెత్తబడేది. ఒప్పుకోని చెట్టయితే చలి చెయ్యంతా పాకి పళ్ళు జివ్వుమనేవి. అది అందరికీ తెలిసేది కాదు. ఏ ఒకటి రెండు కుటుంబాల్లోనో, అదీ తరానికి ఒకరికి మాత్రమే అబ్బేది. మొండమ్మకు తల్లి నుంచి వచ్చింది. ఒకే కడుపున పుట్టినా ఆమె అన్నయ్యకు రాలేదు.

ఒప్పుకున్న చెట్టు కలప చెప్పిన మాట వినేది. కాదన్న చెట్టును నరికితే ఆ కలప కూడా కలకాలం కాదనే అనేది. తలుపు చేస్తే తెరుచుకునేది కాదు, తెరుచుకుంటే మూసుకునేది కాదు. మంచం చేస్తే దాని కోళ్ళు మెల్లమెల్లగా అడవివైపు తిరిగేవి. సాయంత్రం కొట్టిన మేకు పొద్దునకల్లా నేలమీద ఉండేది. అందుకే అడవి పని మొదలైన కొత్తలోనే సర్కారు ఒక చట్టం చేసింది. చెట్లను అడిగే మనిషి ఒకరుండాలి. ఒప్పుకున్న మానుకే ఆ మనిషి సుత్తితో ముద్ర కొట్టాలి. ముద్రలేని కలపను దిగువ ఊళ్ళలో ఎవరూ కొనకూడదు.

చట్టం సర్కారుదే, ఊరు మాత్రం కంపెనీది. కోత మిల్లు, ఇళ్ళు, సరుకుల కొట్టు, ఆస్పత్రి, రేవు, రేవులోని పడవ, పడవ ఎక్కనివ్వని కాపలావాళ్ళు, అన్నీ కంపెనీవే. ఆ ఊళ్ళో మనకంటూ సొంతానికి ఉన్నది దగ్గొక్కటే, అదీ కంపెనీ రంపపు పొట్టు వల్ల వచ్చిందే అని జనం నవ్వుకునేవారు.

కంపెనీ ఏజెంటు ఆమెను చూడగానే లేచి నిలబడ్డాడు. ఆయన ఎప్పుడూ అంతే, మర్యాదకు లోటు రానివ్వడు.

"కూర్చోండమ్మా. టీ తెప్పించనా?"

"వద్దండీ. పై తోపు మొత్తం కాదంది. ఒక్కటీ ఒప్పుకోలేదు."

"అయ్యో. పాపం మీకూ శ్రమే. రేపు ఇంకోసారి అడిగి చూడండి."

"ఎన్నిసార్లడిగినా అదే చెప్తాయండీ."

"మనసన్నాక మారదా అమ్మా? మనం అడిగే తీరులో అడగాలి గానీ." ఆయన కిటికీలోంచి నది వైపు చూపించాడు. "ఎండాకాలం వస్తే నదిలో దుంగ తేలదు. పైన ఆనకట్ట కట్టి నీళ్ళు నిలపాలి. దానికి కలప కావాలి. తోపేమో ఆ పక్కనే ఉంది. కొండవెనక నుంచి మోసుకొచ్చి కట్టమంటారా చెప్పండి?"

"కాదన్న కలపతో ఆనకట్టా? పలక పక్కన పలక నిలవదు. కింద పల్లం వీధి నిండా ఇళ్ళున్నాయి, అది మీకు తెలీదా?"

"అలాగేనమ్మా. మీరన్నట్టే చూద్దాం."

గొడవ పడి ఉంటే ఆమెకు బాగుండేది. ఆయన గొడవ పడలేదు. గుమ్మం దాకా వచ్చి, జాగ్రత్తగా వెళ్ళండమ్మా అని సాగనంపాడు. మరునాడు ఒక కాపలావాడు వచ్చి, అరిగిన ముద్ర బాగుచేయించి తెస్తామని చెప్పి సుత్తి పట్టుకెళ్ళాడు. వారమైనా తిరిగి తేలేదు. అడగడానికి వెళ్తే ఏజెంటుగారు మిల్లులో ఉన్నారనేవారు. మిల్లుకు వెళ్తే ఇప్పుడే రేవుకు వెళ్ళారనేవారు. కాళ్ళరిగేలా తిరిగి తిరిగి ఒక సాయంత్రం ఇంటికొస్తే, సుత్తి వాళ్ళింటి బల్లమీదే ఉంది. బల్ల దగ్గర అన్నయ్య తల వంచుకుని కూర్చుని ఉన్నాడు. వదిన పొయ్యి దగ్గర నిలబడి, నిండు కడుపు మీద చెయ్యి వేసుకుని, ఇద్దరినీ మార్చి మార్చి చూస్తోంది.

"ఇదేంటన్నయ్యా?"

"కనబడ్డంలే? సుత్తి."

"నీ దగ్గరెందుకుంది?"

"నాకిచ్చారు. రేపట్నుంచి నేనే అడుగుతాను. మనది అడిగేవాళ్ళ కుటుంబం కదా, చట్టానికి అది చాలట."

మొండమ్మకు ఒళ్ళు మండిపోయింది. "చెట్టు మీద చెయ్యి పెడితే నీకేం తెలుస్తుంది?"

"చల్లగా ఉందని తెలుస్తుంది. చెట్టు చల్లగా కాక సలసలా కాగుతుందా?"

"నవ్వులాటగా ఉందా నీకు?"

"నవ్వులాటేం కాదే మొండీ!" అతను బల్లమీద గుద్దాడు. "ఈ ఇల్లు ఎవరిదనుకున్నావు? సుత్తి ఎవరి చేతిలో ఉంటే వాళ్ళది. నువ్వు ఒక్కటీ ముద్ర కొట్టనని కూర్చుంటే రేపు మనల్ని బయటికి గెంటుతారు. దీన్ని ఈ స్థితిలో తీసుకుని ఎక్కడికెళ్ళను? పల్లం వీధికా?"

"చూశావా, పల్లం వీధంటే నీకూ భయమే."

అన్నయ్య సుత్తిని దగ్గరికి లాక్కున్నాడు. వదిన గిన్నె చప్పుడు చేస్తూ, "తిండి చల్లారిపోతోంది, పోట్లాట తర్వాతైనా వేడిగానే ఉంటుంది" అంది.

ఆ రోజు నుంచి అన్నాచెల్లెళ్ళకు మాటల్లేవు. ఒకే గదిలో కూర్చుని వదిన మీదుగా మాట్లాడుకునేవారు. "వదినా, మీ ఆయన్ని ఆ చెప్పులు గుమ్మంలోంచి తియ్యమను." "దాన్ని కాస్త జరగమనవే, చెప్పులు దాని కాళ్ళ కిందే ఉన్నాయి." చివరికి వదిన విసుగెత్తి, "నా కడుపులో ఉన్నది పుట్టాక దానికి చెప్పుకోండి, అది మోస్తుంది మీ కబుర్లు" అని తలుపు వేసుకుంది.

పై తోపును కొట్టేశారు. గొడ్డలి పడ్డ ప్రతి దెబ్బా మొండమ్మకు ఇంట్లో కూర్చున్నా పళ్ళలో తెలిసేది. ఉండబట్టలేక ఆమె నరికేవాళ్ళ మేస్త్రి దగ్గరికి వెళ్ళింది. మేస్త్రి ఆమె తండ్రితో కలిసి పనిచేసిన మనిషి. ఆయన గొడ్డలి దించి, చెమట తుడుచుకున్నాడు.

"మీరైనా ఆపండి బాబాయ్. అవి కాదన్నాయి."

"మాకు తెలీదా అమ్మా? కాదన్న కలపతో చేసిన మా ఇంటి తలుపు రోజూ నాతో కుస్తీ పడుతుంది. మీ పిన్నికి నడుం నొప్పి ఆ తలుపుతోనే వచ్చింది."

"తెలిసీ ఎలా నరుకుతున్నారు?"

"నరక్కపోతే ఏం చెయ్యను? ఈ ఊరు విడిచి పోవాలన్నా వాళ్ళ పడవే ఎక్కాలి." ఆయన గొంతు తగ్గించాడు. "మీ అన్నయ్య ముద్ర కొట్టాడు కదమ్మా. ముద్ర ఉన్నాక మేం అడగడానికి లేదు."

అందరిదీ అదే మాట. నరికేవాడు ముద్ర ఉందన్నాడు. కోసేవాడు దుంగ వచ్చిందన్నాడు. కట్టేవాడు పలకలు ఇచ్చారన్నాడు. చెప్పి చెప్పి మొండమ్మ నోరు అరిగిపోయింది. అబద్ధమని ఎవరైనా అంటే వాదించేది. ఎవరూ అనలేదు. నిజమేనమ్మా అని తలూపి మళ్ళీ పనిలో పడేవారు. ఆ తలూపడం చూస్తే ఆమెకు గోడకేసి తల బాదుకోవాలనిపించేది.

ఆనకట్ట లేచింది. వెనక నీళ్ళు నిండాయి. పొద్దున్నే చూస్తే పలకల్లోంచి సీలలు వేలెడంత బయటికి వచ్చి ఉండేవి. కంపెనీ దానికీ ఉపాయం కనిపెట్టింది. సీలలు లోపలికి కొట్టడానికే ఒక జట్టును పెట్టింది. తెల్లవారగానే వాళ్ళు తాళ్ళు కట్టుకుని వేలాడుతూ టకటకా కొట్టుకుంటూ పోయేవారు. చివరి సీల కొట్టేసరికి మొదటి సీల మళ్ళీ తొంగి చూసేది. కొత్తగా కొందరికి పని దొరికిందని ఏజెంటు అందరితోనూ గొప్పగా చెప్పాడు.

అప్పుడు రాజధాని నుంచి తనిఖీ అధికారి వస్తున్నాడని తెలిసింది. మొండమ్మకు ప్రాణం లేచొచ్చింది. మిల్లు భోజనశాలలో అందరినీ కూర్చోబెట్టారు. అధికారి ముందు వరసలో, ఆయన పక్కన ఏజెంటు. మొండమ్మ లేచి తోపు సంగతి, సుత్తి సంగతి, సీలల సంగతి, అన్నీ చెప్పింది. అధికారి ఓపిగ్గా విన్నాడు.

"చెట్లు కాదన్నాయని మీరంటున్నారు. రుజువేంటి?"

"నా చెయ్యే రుజువండీ. కావాలంటే ఆనకట్ట దాకా రండి, సీలలు చూద్దురుగాని."

"సీలలు పొద్దున చూశానమ్మా. అన్నీ గట్టిగానే ఉన్నాయి."

"ఇప్పుడు చూడండి! పొద్దున కొట్టినవి ఇప్పుడు చూడండి!"

అధికారి ఆమెను వదిలి అన్నయ్య వైపు తిరిగాడు. "మీరేనా ఇప్పుడు అడిగేది? తోపు ఏమంది?"

అన్నయ్య లేచాడు. చెల్లెలి వైపు చూడలేదు. "అడిగానండీ. ఒప్పుకున్నాయి."

మొండమ్మ జనంవైపు తిరిగింది. "చెప్పండి ఎవరైనా! బాబాయ్, మీ ఇంటి తలుపు సంగతి చెప్పండి!" మేస్త్రి నేల చూపులు చూశాడు. ఆయన భార్య నోరు తెరవబోతే ఆయన ఆమె మోచేతిని నొక్కాడు. సభ ముగిసింది. తీరా వెళ్దామంటే భోజనశాల తలుపు తెరుచుకోలేదు. ఇద్దరు కాపలావాళ్ళు భుజాలతో మోదితే గానీ కదల్లేదు. "వానకు చెక్క ఉబ్బినట్టుంది" అన్నాడు అధికారి, పెళపెళ కాసే ఎండలోకి అడుగుపెడుతూ.

ఆ సాయంత్రం ఆమె ఏడవలేదు. ఏడిస్తే కాస్త తేలికపడేదేమో. పల్లం వీధికి వెళ్ళి ఇంటింటి తలుపూ తట్టింది, తెరుచుకున్నవాటి దగ్గర గుమ్మంలోంచి, తెరుచుకోనివాటి దగ్గర కిటికీలోంచి మాట్లాడింది. "నన్ను నమ్మినా నమ్మకపోయినా పైకి వచ్చెయ్యండి. మా ఇంట్లో పడుకోండి, మా వసారాలో పడుకోండి." ఇచ్చిన ఇల్లు విడిచిపోతే పనిలోంచి తీసేస్తామని కంపెనీ ఆ మరునాడే చాటింపు వేయించింది. అయినా కొన్ని కుటుంబాలు వచ్చాయి, ఎక్కువగా ముసలివాళ్ళూ చంటిపిల్లల తల్లులూ. మేస్త్రి భార్య కూడా మూట కట్టుకుంది గానీ, మేస్త్రి పని పోతుందని ఆపేశాడు.

ఇంటినిండా జనం చేరారు. అన్నయ్య ఏమంటాడోనని వదిన భయపడింది. అతను పని నుంచి వచ్చి, వసారాలో పడుకున్నవాళ్ళను చూసి, మళ్ళీ చెప్పులేసుకుని వెళ్ళాడు. కాసేపటికి పల్లం వీధి ఏటవాలు దారిలో ఒక ముసలామె మంచాన్ని నెత్తిన పెట్టుకుని ఎక్కుతూ కనిపించాడు. మొండమ్మ ఎదురెళ్ళి మంచం రెండోవైపు పట్టుకుంది. ఇద్దరూ ఒక్క మాట మాట్లాడుకోకుండా దాన్ని లోపలికి చేర్చారు. గుమ్మం దగ్గర అతను ఏదో అనబోయాడు. ఆమె ముఖం తిప్పుకుంది. ఆ తర్వాత చాలాకాలం, అప్పుడు ఆగి వినాల్సిందని అనుకుంది.

ఆనకట్ట విరగలేదు, విడిపోయింది. మిట్టమధ్యాహ్నం, మిల్లు తిండివేళకు ఆగి ఉండగా. సీలలన్నీ ఒక్కసారిగా పటపటమని ఊడిపడ్డాయి. పలకలు ఒకదాన్నొకటి తోసుకుని, ఇష్టంలేని విందులోంచి లేచి వెళ్ళేవాళ్ళలా తలో దిక్కుకూ తప్పుకున్నాయి. వాటి మధ్యనుంచి నీళ్ళు వచ్చాయి. అన్నయ్య అప్పుడు ఆనకట్ట పక్క దారిలో ఉన్నాడు. పైకి పరిగెత్తి ఉంటే అతనికి ఏ ప్రమాదమూ ఉండేది కాదు. కిందికే పరిగెత్తాడు, గొంతు చించుకుని అరుస్తూ. అతని అరుపు విని కొందరు మిట్ట ఎక్కారు. కొందరి తలుపులు తెరుచుకోలేదు.

మేస్త్రి భార్య తలుపు తెరుచుకోలేదు.

నీళ్ళు తగ్గాక అన్నయ్య బురదలో ఆ తలుపును చేతులతో లాగుతూ ఉండగా చూసింది మొండమ్మ. పక్కనే మేస్త్రి నిలబడి ఉన్నాడు. ఆయన లాగడం లేదు. చేతులు వేలాడేసి ఊరికే చూస్తున్నాడు. ఆమె వెళ్ళి అన్నయ్య భుజం మీద చెయ్యి వేసింది. "వదిలెయ్ అన్నయ్యా. ఇక వదిలెయ్." చాలా రోజుల తర్వాత అతనితో అన్న మొదటి మాట అదే.

మూడోనాడు ఏజెంటు ఇంటికి వచ్చాడు. వెంట కాపలావాళ్ళు ఉన్నారు. చెప్పులు బయటే విడిచి లోపలికి వచ్చి, వదినకు నమస్కారం పెట్టాడు.

"మీరే నిజం చెప్పారమ్మా" అన్నాడు మొండమ్మతో. "మీ మాట వినకపోవడం మా పొరపాటు. తప్పుడు ముద్ర కొట్టి మీ అన్నయ్య మమ్మల్ని అందర్నీ మోసం చేశాడు. ఇక మీద సుత్తి మీ దగ్గరే ఉండాలి."

మొండమ్మకు మొదట అర్థం కాలేదు. ఇన్నాళ్ళూ ఎవరి నోట వినాలని ఊరంతా తిరిగిందో ఆ మాట ఇప్పుడు ఈయన నోట వస్తోంది. వెనక కాపలావాళ్ళు అన్నయ్య చేతులకు తాడు కడుతుంటే అప్పుడు తెలిసింది, ఆమె చెప్పిన నిజం కూడా కంపెనీకి పనికొచ్చే సరుకైపోయిందని.

"సుత్తి మీరే ఇచ్చారు కదండీ అతనికి!"

"అడగమని ఇచ్చామమ్మా. అబద్ధం చెప్పమని ఇవ్వలేదు."

ఆమె సుత్తి ముట్టుకోలేదు. ఏజెంటు దాన్ని బల్లమీద పెట్టి వెళ్తే, ఆమె దాన్ని వీధిలోకి విసిరేసింది. వారం తిరగకుండా దిగువ నుంచి ఎవరో ఒకాయనను తెచ్చి అడిగే మనిషిగా పెట్టారు. ఆయన చేతికి తొడుగు కూడా తియ్యకుండా చెట్టును తాకుతాడని జనం చెప్పుకున్నారు.

విచారణ నది దిగువన పెద్ద ఊళ్ళో జరిగింది. మొండమ్మను సాక్షిగా పిలిచారు, అన్నయ్య మీద. కంపెనీ వకీలు ఆమెను ఒక్కటే అడిగాడు. తోపు ఒప్పుకుందని మీ అన్నయ్య చెప్పింది నిజమా, అబద్ధమా?

అన్నయ్య బోనులో నిలబడి ఆమెనే చూస్తున్నాడు. నిజమే చెప్పు అన్నట్టు తల కొంచెం ఊపాడు.

"మా అన్నయ్య అబద్ధం చెప్పాడు. చెప్పించింది కంపెనీ. ఇల్లు లాక్కుంటామని బెదిరించి చెప్పించింది."

గుమాస్తా మొదటి వాక్యం రాసుకుని కలం పక్కన పెట్టాడు.

"రెండోది కూడా రాయండి!"

"అడిగినదానికే జవాబు చెప్పాలి" అన్నాడు న్యాయాధికారి.

"ఆ పక్కన కూర్చున్న ఏజెంటుగార్ని అడగండి మరి! సుత్తి ఎవరిచ్చారో అడగండి! అడగండయ్యా!" ఆమె అరుస్తూనే ఉంది. బంట్రోతులు రెక్క పట్టుకుని బయటికి నడిపించారు. అన్నయ్యకు శిక్ష పడింది. కంపెనీకి సానుభూతి దక్కింది. ఆనకట్ట పోయి నష్టపోయింది కదా అని.

ఈలోపు వదిన ఆడపిల్లను కన్నది. ఇల్లు పోయింది. ఇద్దరూ పిల్లను ఎత్తుకుని, వరదలో సగం మిగిలిన పల్లం వీధిలో ఒక గదిలోకి మారారు. అక్కడికి ఒకరోజు మేస్త్రి వచ్చాడు. ఆయన పని మానేశాడట. ఆయనతో పాటు జట్టులో సగంమంది గొడ్డళ్ళు దించేశారట. కొత్తగా దిగిన కూలీలు తోపు వెనక అడవిని నరుకుతున్నారట. గుమ్మంలోనే నిలబడి, పిల్లను చూసి, అప్పుడు అన్నాడు.

"ఏజెంటు మీ అన్నయ్యకి సుత్తి ఇచ్చినప్పుడు నేనక్కడే ఉన్నానమ్మా. ముద్ర కొట్టకపోతే ఇల్లు ఖాళీ చెయ్యమన్నాడు. నా చెవులారా విన్నాను."

మొండమ్మ ఆయన్ని ఎగాదిగా చూసింది. "ఇన్నాళ్ళూ ఏమైంది బాబాయ్ ఆ నోరు?"

ఆమెకు ఇంకా అనాలనుంది. భోజనశాలలో ఈ ఒక్క మాట అని ఉంటే పిన్ని బతికేదని అనాలనుంది. ఆయన ముఖం చూస్తే ఆ సంగతి ఆమెకంటే ఆయనకే ఎక్కువ తెలుసని అర్థమైంది. కోపం మాత్రం తగ్గలేదు.

"పై కోర్టులో చెప్తారా?"

"చెప్తాను."

కంపెనీ పడవ వాళ్ళను ఎక్కించుకోలేదు. నది ఒడ్డున నడిచే వెళ్ళారు. దారిలో జైలు దగ్గర ఆగితే అన్నయ్యను చూడనిచ్చారు. అతను ఊచల్లోంచి పిల్ల వేలు పట్టుకున్నాడు. "నువ్వు నిజమే చెప్పావు మొండీ, నాకేం కోపం లేదు" అన్నాడు.

"నాకుంది" అంది మొండమ్మ. "నీ మీదుంది, వాళ్ళ మీదుంది, ఆ గుమాస్తా మీద మరీ ఉంది. చక్కగా తిను. చిక్కిపోయావు."

పై కోర్టులో ఆ రోజు న్యాయాధికారి రాలేదు. తర్వాతిసారి వచ్చాడు గానీ వకీలు రాలేదు. ఆ తర్వాతిసారి ఇద్దరూ వచ్చారు, కాగితాలు రాలేదు. మళ్ళీ రమ్మన్నారు, మళ్ళీ వెళ్ళారు. "పిల్లకు పళ్ళు కూడా వచ్చేలా ఉన్నాయి ఈ తిరుగుడులో" అంది వదిన. వచ్చేసారి పిల్లను తేవద్దని మొండమ్మ, తెస్తేనైనా ఎవరైనా జాలిపడతారని వదిన, కోర్టు వసారా బల్లమీద కూర్చుని గిల్లికజ్జా పెట్టుకున్నారు.

మేస్త్రి మాత్రం కూర్చోలేదు. వసారా ఈ చివరి నుంచి ఆ చివరికి నడుస్తూ చెప్పాల్సింది వల్లె వేసుకుంటున్నాడు. మొదట లోలోపల, తర్వాత పైకి. "ఏజెంటు నా ఎదురుగానే సుత్తి ఇచ్చాడండీ. ముద్ర కొట్టకపోతే ఇల్లు ఖాళీ చెయ్యమన్నాడండీ."

బంట్రోతు తల బయటికి పెట్టాడు. "ఏంటయ్యా ఆ గోల? పిలిచినప్పుడు చెప్పు."

మేస్త్రి ఆగాడు. బంట్రోతును చూశాడు, మూసి ఉన్న న్యాయాధికారి గది వైపు చూశాడు. తర్వాత గొంతు సవరించుకుని, వసారాలో కూర్చున్న వాళ్ళందరూ తిరిగి చూసేంత గట్టిగా, మళ్ళీ మొదటినుంచి అందుకున్నాడు.